బూట్‌స్ట్రాప్‌కి సాయం చేయాలంటే ముందు ‘రాష్ట్రం’ అని టైప్ చేయండి

అమీర్‌పేటలో వెబ్ కోర్సు చేస్తూ ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా చూసి, బాగుచేయగలిగే కోడ్‌లో) చేయి వేద్దామనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కోడ్‌తోనే మొదలుపెట్టక్కర్లేదు. వెబ్‌పేజీల రూపం తీర్చిదిద్దే రెడీమేడ్ కోడ్ బూట్‌స్ట్రాప్‌లో మామూలు పాఠానికి లైన్‌హైట్ (అక్షరం సైజుకి వరుస ఎత్తు ఎన్ని రెట్లో) 1.5, హెడ్డింగ్‌లకి 1.2 మాత్రమే. ఓ హెడ్డింగ్‌కి, పాఠాన్ని ఒకే లైన్‌కి కుదించే టెక్స్ట్-ట్రంకేట్ క్లాస్ తగిలించి ‘రాష్ట్ర స్త్రీ సంక్షేమం’ అని టైప్ చేసి చూడండి. పెట్టె దాటినదాన్ని ఆ క్లాస్ దాచేస్తుంది కాబట్టి, కొన్ని ఫాంట్లలో ‘ష్ట్ర’ కింది వత్తులు సగానికి తెగిపోతాయి. ఇంగ్లిష్‌తో పరీక్షించేవాళ్ల కంట ఇది అంత తేలిగ్గా పడదు, మన కంటనే పడాలి.

బూట్‌స్ట్రాప్ కోడ్ ఉండే సైటు గిట్‌హబ్‌లో ముందు పాత ఇష్యూలు (లోపాల గురించి పెట్టిన పోస్టులు) వెతకండి. ఎవరూ చెప్పకపోతే పది లైన్ల హెచ్‌టీఎంఎల్ నమూనా, ఫాంటు పేరు, బ్రౌజర్ వెర్షన్, స్క్రీన్‌షాట్ కలిపి పెట్టండి. ప్రాజెక్టంతా అంటించి పంపకండి. చూసేవాళ్లలో చాలామంది పాపం ఆఫీసు పని అయ్యాకే దీనికి కూర్చుంటారు.