పాత టూ స్ట్రోక్ ఆటోకి షాకులు, షాఫ్టుల పని

వైజాగ్‌లో పాత బజాజ్ ఆటో బాగుచేస్తున్నారా, అయితే ముందు తుప్పు చూడండి, సముద్రం గాలికి షాక్ (కుదుపులు తట్టుకునే షాక్ అబ్జార్బర్) బిగించే చోట రేకు లోపల్నుంచి తినేస్తది, స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే దిగబడిందంటే ముందు వెల్డింగే. వెనక షాకులు జతగానే మార్చండి. మరీ గట్టి స్ప్రింగులేసి ఎత్తు లేపకండి ప్లీజ్, అసలే మూడు చక్రాలు, మలుపులో లోపలి చక్రం లేచిపోద్ది, ఇంజన్ నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్టులు కూడా వంకరగా తిరిగి త్వరగా అరుగుతాయి.

ఇంజన్ వెనకే కాబట్టి చక్రానికో షాఫ్టు ఉంటది, దాని కీలు మీద తొడిగే రబ్బరు బూటు చిరిగితే ఇసుక దూరుద్ది, గ్రీజు వేళ్ల మధ్య నలిపితే గరగరమంటది, అప్పుడు మొత్తం కడిగి కొత్త గ్రీజు, కొత్త బూటు వేయాల్సిందే. తర్వాత ఖాళీ బండితో సింహాచలం ఘాట్ ఎక్కించి చూడండి, టకటక వినిపిస్తే మళ్లీ విప్పండి.