మన బండి పని మనమే – 4వ పాఠం: సెల్ఫ్ నొక్కితే 'టక్' అని ఆగిపోతే

పోయిన పాఠంలో ఫ్యూజు చూడటం, మల్టీమీటర్‌తో వోల్టులు కొలవడం నేర్చుకున్నాం. ఈసారి పనంతా ఆ మీటరుతోనే.

పొద్దున్నే సెల్ఫ్ నొక్కుతారు. సీటు కింద 'టక్' మని చప్పుడు వస్తుంది, న్యూట్రల్ లైటు మసకబారుతుంది, ఇంజన్ మాత్రం తిరగదు. చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. దయచేసి తొందరపడకండి. మూడు రీడింగులు తీసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో బండే చెబుతుంది.

ఆ 'టక్' రిలేది, అంటే సెల్ఫ్ నొక్కగానే బ్యాటరీ కరెంటును స్టార్టర్ మోటర్‌కి కలిపే స్విచ్చుది. రిలే కొట్టుకోవడానికి కొంచెం కరెంటు చాలు. స్టార్టర్ మోటర్ తిరగాలంటే పదుల ఆంపియర్లు కావాలి. చప్పుడు వచ్చిందంటే స్విచ్చులు, ఫ్యూజు దాదాపు బాగున్నట్టే. అసలు చప్పుడే లేకపోతే ముందు కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, క్లచ్ లివర్ చూసుకోండి.

మొదటి రీడింగ్: బండి ఆపి కొన్ని గంటలైనా అయ్యాక తీయాలి. అప్పుడే ఆపిన బండి లేని బలం చూపిస్తుంది. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించండి. 12.6 నుంచి 12.8 వరకు ఉంటే ఫుల్ చార్జ్. 12.4 దగ్గరుంటే చార్జింగ్ పెట్టాలి. 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ.

రెండోదే అసలు పరీక్ష. బండి న్యూట్రల్‌లో పెట్టి, ప్రోబ్‌లు అలాగే ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమనండి. రీడింగ్ 10కి దిగువకు పడిపోతే బ్యాటరీలో సత్తా లేదు. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, లోడు పడగానే 7కో 8కో జారిపోయే బ్యాటరీలు ఉంటాయి. వాటిని చార్జ్ చేసినా నిలవవు. మోటర్ తిరగకపోయినా రీడింగ్ 12.5 దగ్గరే కదలకుండా ఉంటే బ్యాటరీ తప్పు కాదు, కరెంటు దారిలో ఎక్కడో అడ్డుపడుతోంది.

ఆ అడ్డు ఎక్కువగా టెర్మినల్ దగ్గరే ఉంటుంది. ఒక ప్రోబ్ బ్యాటరీ సీసపు బిళ్ల మీద, రెండోది దానికి బిగించిన వైరు లగ్ (వైరు చివరి లోహపు రింగు) మీద పెట్టి సెల్ఫ్ నొక్కించండి. సున్నాకి దగ్గరగా రావాలి. అర వోల్టు చూపించినా ఆ కొద్ది జాగాలో తుప్పు పట్టిందనే అర్థం. తెల్లగానో పచ్చగానో బూజులాంటి పొడి కనిపిస్తుంది. ముందు మైనస్ విప్పండి, తర్వాతే ప్లస్. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా ఛాసిస్‌కి తగిలి పెద్ద స్పార్క్ వస్తుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనిచ్చి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించండి. పైన కాస్త వాజిలిన్ రాయండి.

మూడో రీడింగ్ ఇంజన్ నడుస్తుండగా. కొంచెం రేజ్ ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. రేజ్ ఇచ్చినా 12.5 దాటకపోతే చార్జింగ్ అందడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టులను అదుపులో ఉంచే భాగం) పాడై బ్యాటరీని ఉడికిస్తోంది. ఇక్కడ తేడా ఉండగా కొత్త బ్యాటరీ వేస్తే అదీ పోతుంది. నడుస్తున్న ఇంజన్ మీద టెర్మినల్ పీకి "ఆగిందా లేదా" అని చూసే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. మీ బండి మీద అది చేయనివ్వకండి. ఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండి అయితే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, కాలిపోవచ్చు.

అర్జెంటుగా వెళ్లాలంటే? కిక్ ఉంటే కిక్ కొట్టండి. లేకపోతే తాళం ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ పట్టి, తోస్తూ వేగం అందుకోగానే క్లచ్ వదలండి. కార్బొరేటర్ బండి సులువుగా అందుకుంటుంది. ఎఫ్‌ఐ బండిలో ఫ్యూయల్ పంపు తిరిగేంత చార్జ్ కూడా లేకపోతే ఎంత తోసినా లాభం లేదు. గేర్లు లేని స్కూటీని తోయడం వృథా ప్రయాస.

చార్జర్ పెట్టేటప్పుడు బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ కెపాసిటీ)లో పదో వంతు కరెంటు ఇవ్వండి. 5 ఏహెచ్‌కి అర ఆంపియర్, దాదాపు పది గంటలు. కారు చార్జర్ వద్దు. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, యాసిడ్ కాదు. మెయింటెనెన్స్ ఫ్రీ దాని మూత తెరవకూడదు.

ఈ వారం మీ బండి బాగున్నా సరే మూడు రీడింగులూ తీసి, తేదీతో సహా కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపల అంటించండి. మూడోది తక్కువొచ్చిన వాళ్ల కోసం వచ్చే పాఠంలో స్టేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే కాయిల్) నుంచి వచ్చే వైర్లను ఒక్కొక్కటిగా కొలుద్దాం.