జోసెఫ్ పెవ్నీ ఎపిసోడ్లను చూడవలసిన తీరు

విజయవాడలో పద్యనాటకాలు చూస్తూ పెరిగినవారికి ఒక అలవాటు ఉంటుంది. రాయబారం సీనులో కథ ఏమవుతుందోనని వారెవరూ ఎదురుచూడరు. కృష్ణుడు ఎటువైపు నుంచి వచ్చాడు, సభలో ఎక్కడ నిలబడ్డాడు, పద్యం ఎత్తుకునే ముందు ఎంతసేపు ఊరకున్నాడు అన్నవాటినే గమనించి, అదే సీనును మరో సమాజం వారు ఆడిన తీరుతో పోల్చి చూసుకుంటారు. పాత టెలివిజన్ ధారావాహికల్లో ఎపిసోడ్ దర్శకుడి పనిని గుర్తుపట్టడానికి కావలసింది సరిగ్గా ఈ చూపే. సత్యనారాయణపురంలో మా మేడమీది గదిలో ఆదివారం సాయంత్రాలు కూడే ఆరేడుగురం కొంతకాలంగా అమెరికన్ దర్శకుడు జోసెఫ్ పెవ్నీ తీసిన, అంతరిక్ష ఓడలో సాగే కథల ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ ఎపిసోడ్లను ఈ పద్ధతిలో చూస్తున్నాము. మాకు పనికివచ్చిన క్రమాన్ని, మేము చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను.

పెవ్నీనే ఎందుకు ఎంచుకోవాలో ముందు చెప్పాలి. 1966 నుంచి 1969 వరకు మూడు సీజన్లలో 79 ఎపిసోడ్లుగా ప్రసారమైన ఆ ధారావాహికలో ఆయన 14 ఎపిసోడ్లకు దర్శకత్వం వహించాడు. మార్క్ డేనియల్స్ అనే మరో దర్శకుడు కూడా సరిగ్గా 14 తీశాడు. రెండవ సీజనులోని 26 ఎపిసోడ్లలో 9 పెవ్నీవి, 8 డేనియల్స్‌వి. అంటే అదే ఓడ సెట్టులో, అదే నటవర్గంతో, ఇంచుమించు అదే గడువులో ఇద్దరు దర్శకులు వంతులవారీగా పనిచేశారన్నమాట. పోలికకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు దొరకదు. పెవ్నీ మొదట నటుడు. 1950లలో హాలీవుడ్ సినిమాలకు దర్శకత్వం వహించి, ఆ తరువాత టెలివిజనుకు వచ్చాడు. డేనియల్స్‌కు 1951లో ‘ఐ లవ్ లూసీ’ మొదటి సీజనును ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో ఒకేసారి చిత్రీకరించిన అనుభవం ఉంది. ఈ రెండు దారులను మనసులో ఉంచుకుంటే చాలు, వారి జీవితచరిత్రల్లోకి ఇంకా లోతుగా వెళ్లనక్కరలేదు.

చూడడం మొదలుపెట్టే ముందు నిడివిని సరిచూసుకోవాలి. ఒక్కో ఎపిసోడ్ సుమారు 50 నిమిషాలు ఉంటుంది. అంతకన్నా ఐదారు నిమిషాలు తక్కువగా ఉన్నదంటే, పునఃప్రసారంలో ప్రకటనలకు చోటివ్వడానికి కత్తిరించిన ప్రతి అయి ఉండవచ్చు. కథ నడవడానికి అవసరం లేనట్టు కనిపించే నడకలు, చూపులు, మౌనాలు అలాంటి కత్తిరింపుల్లో సులువుగా పోతాయి, మనకు కావలసినవేమో అవే. అలాగే 2006లో మొదలైన పునరుద్ధరణలో అంతరిక్ష దృశ్యాలను కంప్యూటర్‌తో కొత్తగా తయారుచేసి చేర్చారు కాబట్టి, ఓడ గ్రహం చుట్టూ తిరిగే దృశ్యం ఎంత అందంగా ఉన్నా దానిని పెవ్నీ ఖాతాలో వేయకూడదు.

ఆ తరువాత చేయవలసింది తీసివేత. దర్శకుడిది కానిదాన్ని ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి. పెవ్నీ తీసిన ‘అమోక్ టైమ్’ ఎపిసోడ్ కథ థియోడర్ స్టర్జన్‌ది. గోడల మీద పరచుకొనే ఊదా, ఎరుపు వెలుగులు ఆ ధారావాహికలో అత్యధిక భాగానికి ఛాయాగ్రాహకుడైన జెర్రీ ఫినర్మన్ పనితనం. ఓడ లోపలి రూపకల్పన మాట్ జెఫ్రీస్‌ది. చివరి కూర్పులో నిర్మాతల మాటకే బలం ఎక్కువ. ఇన్ని తీసివేశాక దర్శకుడికి మిగిలేది నటులను ఎక్కడ నిలబెట్టాలి, ఎప్పుడు కదిలించాలి, ఒకరు మాట్లాడుతున్నప్పుడు కెమెరా ఎవరి ముఖం చూడాలి, నటుడిని ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయాలు మాత్రమే. సుమారు ఆరు రోజుల్లో ఒక ఎపిసోడ్ ముగించవలసిన చోట ఆ కొద్దిపాటి స్వేచ్ఛను ఎలా వాడుకున్నాడన్నదే మన ప్రశ్న. ఈ తీసివేత చేయకుండా ‘పెవ్నీ రంగుల ప్రయోగం’ వంటి మాటలు వాడేవారిని నేను చాలామందిని చూశాను. మొదట్లో నేనూ వాడినవాడినే.

మొదటి ఆదివారం మేము పెద్ద పొరపాటు చేశాము. అందరూ మెచ్చుకునే ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’తో మొదలుపెట్టి, కథలో పడిపోయి, కాలంలో వెనక్కి వెళ్లడం గురించి రాత్రి తొమ్మిదింటి వరకు వాదించుకున్నాము, దర్శకుడి ఊసే ఎవరూ ఎత్తలేదు. బలమైన కథ దర్శకుడిని కప్పేస్తుంది. దీనికి మందు మాకు అనుకోకుండా దొరికింది. మే నెలలో ఒక సాయంత్రం కూలర్ మోతకు సంభాషణలు సగం కూడా వినిపించకపోతే, విసుగెత్తి శబ్దం పూర్తిగా ఆపేశాము. అప్పుడే మనుషుల కదలిక కనిపించడం మొదలైంది. కాబట్టి ఎపిసోడ్‌ను ఒకసారి మామూలుగా చూసి, రెండవసారి ఏదో ఒక్క సీనును మాత్రం శబ్దం లేకుండా చూడండి, మూడవసారి కాగితం, పెన్సిలు పట్టుకొని ఆపుకుంటూ చూడండి. మొత్తం ఎపిసోడ్‌కు ఇలా చేయాలని పట్టుపడితే రెండు వారాల్లో విసుగు పుడుతుంది.

సాధనకు నేను సూచించేది 1967 సెప్టెంబర్ 15న ప్రసారమైన ‘అమోక్ టైమ్’ రెండవ సగం. ఓడలోని వల్కన్ జాతి అధికారి స్పాక్ పెళ్లి తంతు జరిగే వల్కన్ గ్రహపు బహిరంగ వేదికను స్టూడియోలోనే కట్టారు. కాగితం మీద పళ్లెం బోర్లించి గుండ్రంగా గీత గీసి, నడుమ గంటను, చుట్టూ పాత్రలను గుర్తించండి. పల్లకీలో మోసుకువచ్చిన పెద్దామె టీ’పావు ఎక్కడ కూర్చున్నదో, ఓడ కెప్టెన్ కర్క్, వైద్యుడు మెకాయ్ ఆమెకు ఎంత దూరంలో నిలిచారో గుర్తు పెట్టండి. ఆ తరువాత పెళ్లికూతురు టీ’ప్రింగ్ మీద దృష్టి నిలపండి. స్పాక్ గంట కొట్టబోతుండగా ఆమె ఒక్క కేకతో ఆపి, ద్వంద్వయుద్ధం కోరే వరకు ఆ తంతులో ఆమె ఎంత నిశ్చలంగా ఉన్నదో చూడండి. అందరి రాతనూ తిప్పబోయే మనిషిని మాటలు లేకుండా నిలబెట్టి, ప్రేక్షకుడి చూపును ఇతరుల మీదికి మళ్లించడం నాటకరంగం తెలిసినవాడు చేసే పని. ఆఖరి సీను కూడా ఇంతే జాగ్రత్తగా అమర్చినది. ఆ యుద్ధంలో మిత్రుడు కర్క్‌ను చంపానన్న భారంతో స్పాక్ మాట్లాడుతుండగా, బతికే ఉన్న కర్క్ అతని వెనుక నుంచి పలుకుతాడు; స్పాక్ గిరుక్కున తిరిగి, రెండు చేతులతో అతన్ని పట్టుకొని నవ్వేసి, మరుక్షణం ఆ నవ్వును దిగమింగుకుంటాడు. నవ్వు నటుడిది, కాని ముఖం తిరిగే ఆ క్షణాన్ని సీనుకు ఇరుసుగా నిలిపిన అమరికను నేను దర్శకుడికే ఇస్తాను.

ఇది చేశాక ‘సిటీ’కి తిరిగి రండి. పతాక సన్నివేశంలో కర్క్ ప్రేమించిన ఈడిత్ కీలర్‌ను లారీ గుద్దడం మనకు కనిపించదు. ఆమెను కాపాడబోయిన మెకాయ్‌ను గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకున్న కర్క్ ముఖమే కనిపిస్తుంది. శబ్దం ఆపి చూస్తే ఈ ఎంపిక ఎంత కఠినమైనదో తెలుస్తుంది.

ఇక డేనియల్స్‌తో పోలిక. ఆయన తీసిన వాటిలో 1967 అక్టోబర్ 20న ప్రసారమైన ‘ది డూమ్స్‌డే మెషీన్’ తీసుకోండి. ఓడ వంతెన, అంటే ఓడను నడిపే గది, గుండ్రంగా ఉండి, మధ్యలో కెప్టెన్ కుర్చీ ఉంటుంది కాబట్టి ఎవరు తీసినా చిత్రం ఒకేలా వస్తుందని అనిపిస్తుంది. మరో ఓడ అధికారి కమోడోర్ డెక్కర్ ఆ కుర్చీని ఆక్రమించి, చేతిలోని చిన్న బిళ్లలతో అసహనంగా ఆడుకుంటూ ఉండగా స్పాక్, మెకాయ్ అతని చుట్టూ ఎక్కడెక్కడ నిలుస్తారో గీసుకోండి. ఆ తరువాత పెవ్నీ తీసిన ఏదైనా ఎపిసోడ్‌లోని వంతెన సీనును అదే కాగితం మీద మరో రంగు పెన్సిలుతో గీయండి. ఒక్కో షాటు ఎన్ని సెకన్లు నిలిచిందో పక్కన రాయండి. రెండు కాగితాలు చాలవు, కనీసం నాలుగైదు జతలు గీసిన తరువాతే అభిప్రాయం చెప్పాలి. మా బృందంలో ఒకరు మొదటి జతతోనే సిద్ధాంతం కట్టి, మూడవ జత దగ్గర దానిని విప్పుకోవలసి వచ్చింది.

హాస్యం చూడాలంటే పెవ్నీదే ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ఉంది. ధాన్యపు గది తలుపు తెరవగానే బొచ్చు ప్రాణులు కర్క్ మీద కుప్పగా పడే సీను అందరికీ నచ్చుతుంది గాని, తన్నులాట తరువాత సిబ్బందిని వరుసగా నిలబెట్టి అతడు ఒక్కొక్కరి ముందు నుంచి నడుస్తూ ప్రశ్నించే సీనే సాధనకు మేలు. వరుస కదలదు, అడిగేవాడు కదులుతాడు, నవ్వు అక్కడే పుడుతుంది.

పెవ్నీ తీసిన ‘ది యాపిల్’, ‘క్యాట్స్‌పా’ వంటి బలహీనమైన వాటిని వదిలేయకండి. కథ సాయపడని చోట దర్శకుడు ఏం చేశాడో, ఏం చేయలేక ఊరుకున్నాడో వాటిలోనే బాగా కనిపిస్తుంది. ‘క్యాట్స్‌పా’లోని కోట సీన్లకు మేము గీసిన కాగితాల్లో మనుషులు దాదాపు ప్రతిసారీ ఒకే వరుసలో తేలారు. అది తొందర వల్లనా, ఆసక్తి లేకనా అన్నది తేల్చుకోవడానికి వచ్చే ఆదివారం ‘ది యాపిల్’ గీయబోతున్నాము.