గోదావరి డెల్టా నుంచి కోయ పాటల పుస్తకం తేవాలంటే

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి, వాడుక భాష గురించి నాలుగు మాటలు మాట్లాడి ఇళ్ళకు వెళ్ళిపోతాం. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పాటలూ కథలూ రాసుకుని, 1931లో సవర వ్యాకరణాన్ని అచ్చులోకి తెచ్చిన సంగతి సభల్లో పెద్దగా వినపడదు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోయాక ఆయన వచ్చి ఉన్నది రాజమండ్రిలోనే. ఆ రాజమండ్రికి ఎగువన, పాపికొండలు దాటాక, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం చుట్టూ, చింతూరు వైపూ కోయ మాట్లాడతారు. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద 4 లక్షల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. దిగువన మనకేమో ప్రెస్సులున్నాయి, డీటీపీ సెంటర్లున్నాయి, వారానికో సాహిత్య సభ ఉంది. పైన పాట, కింద అచ్చు. ఈ రెంటినీ కలపాలనుకునే రచయితకు పనికొచ్చే సంగతులివి.

ముందే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పుస్తకంలో కోయ పేజీ మీద ఆఖరి మాట కోయ మాట్లాడేవాళ్ళది. తెలుగు పేజీ మీది, తిరుగుడూ ప్రూఫులూ మీవి. ఈ పంపకం తారుమారైన చోటల్లా పుస్తకం చెడుతుంది.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు

ఏజెన్సీలో కనపడ్డ ప్రతివాళ్ళూ కోయ మాట్లాడతారనుకోకండి. కొండరెడ్ల మాట తెలుగే. కోయలలోనూ తరాలుగా తెలుగే మాట్లాడే ఊళ్ళు చాలా ఉన్నాయి. పోలవరం ముంపు గ్రామాల నుంచి వచ్చినవాళ్ళ పునరావాస కాలనీలు మనకు దగ్గరే కాబట్టి అక్కడే మొదలుపెడదామనిపిస్తుంది, పెట్టొచ్చు కూడా. కానీ ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇంట్లో పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారు? జవాబును బట్టి ఊరు ఎంచుకోండి.

జట్టులో కనీసం ముగ్గురుండాలి: పాడే పెద్ద, కోయ ఇంటిభాషగా ఉండి తెలుగు చదవడం రాయడం వచ్చిన ఒక యువకుడో యువతో, మీరు. రెండో మనిషి దొరక్కుండా పని మొదలుపెట్టొద్దు. ఊళ్ళో టీచరు దొరికితే మంచిదే కానీ, ఆయన కోయ అయితేనే.

వెళ్ళే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల రోజులు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనం ఆ అంకెలు టీవీలో చూసి లంకల గురించి కంగారుపడతాం. ఎగువన కూనవరం, చింతూరు రోడ్లు అంతకుముందే మునిగి ఉంటాయి. పండుగ పాటలు కావాలంటే మాత్రం పండుగకే వెళ్ళాలి. విత్తనాల పండుగ విజ్జ పండుమ్ పాటను సంక్రాంతి సెలవుల్లో పాడమని అడగడం మర్యాద కాదు. ఏ పాట ఎప్పుడు పాడకూడదో ముందే కనుక్కోండి. రికార్డు చేయొద్దన్నది చేయొద్దు, చేసినా అచ్చు వేయొద్దన్నది వేయొద్దు.

అనుమతి నోటిమాటగా సరిపోదు, సంతకమూ ఒక్కటే సరిపోదు. రికార్డింగు మొదట్లోనే పాడే మనిషి తన పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, పుస్తకంలో వేసుకోవచ్చో లేదో కోయలోనే చెప్పాలి. పాడినవాళ్ళకు కాపీరైట్ చట్టం ప్రదర్శకుల హక్కు ఇచ్చింది, అది 50 ఏళ్ళు ఉంటుంది. ‘జానపదం, ఎవరిదీ కాదు’ అన్న మాట మన సభల్లో సులువుగా దొర్లుతుంది. పాట ఊరిది కావచ్చు, ఆ గొంతు మాత్రం ఒక మనిషిది. డబ్బు సంగతి కూడా ఆ రోజే తేల్చుకోండి. డెల్టాలో ఒక కవిని సభకు పిలిస్తే ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి. కూలి రోజు పోయినందుకు ఇచ్చేది వేరే లెక్క.

రికార్డింగు

మామూలు ఫోను చాలు, వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ పెట్టుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకున్న పాటలో గొంతు దగ్గర తెగే చిన్న ధ్వనులు నలిగిపోతాయి, తర్వాత రాసేటప్పుడు అవే కావాలి. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ఊపిరి కొడుతుంది. ‘రేల రేలా’ పల్లవితో సాగే రేల పాటలు గుంపుగా పాడతారు, కాబట్టి రెండుసార్లు తీయండి: ఆటతో డోలుతో ఒకసారి, ముఖ్యంగా పాడేవాళ్ళు కూర్చుని ఒంటిగా మరోసారి. మొదటిది వినడానికి, రెండోది రాసుకోవడానికి.

ఫైలు పేరులో తేదీ, ఊరు, పాట వరస సంఖ్య ఉండాలి. ‘కొత్త రికార్డింగు 7’ అని ఉన్న ఫైలు ఆర్నెల్లకు ఎవరికీ పనికిరాదు. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి ఆ ఊళ్ళోనే ఒకరి ఫోనులో ఉండాలి.

కాగితం మీద పెట్టడం

అసలు పని ఇది. ఒక నిమిషం పాట రాసి, పాడినవాళ్ళతో సరిచూసుకోవడానికి నలభై నిమిషాలు వేసుకోండి. ఇరవై పాటలు, ఒక్కోటి నాలుగు నిమిషాలంటే 80 నిమిషాలు. అంటే 53 గంటల పైమాట. రోజుకు మూడు గంటలు కూర్చున్నా 18 రోజులు. అంతకన్నా తొందరగా అయిందంటే ఎక్కడో ఊహించి రాశారన్నమాట.

లిపి గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ వైపు దేవనాగరి, మల్కనగిరి వైపు ఒడియా నడిచినా, ఇటువైపు తెలుగు లిపే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషా బడుల కోయ వాచకాలు కూడా ఈ లిపిలోనే వచ్చాయి. ఆ వాచకాలు దొరికితే వాటి స్పెల్లింగే పాటించండి, కొత్తది కనిపెట్టకండి. హ్రస్వ ఎ, ఒ మన లిపిలో ఉండటం కలిసొచ్చే సంగతి.

చిక్కు ఎక్కడంటే, మన కన్ను. కోయలో ‘నన్న’ అంటే నేను. ‘నిమ్మ’ అంటే నువ్వు. డీటీపీ చేసే కుర్రాడు ‘నన్న’ చూడగానే దీర్ఘం పడిపోయిందనుకుని ‘నాన్న’ చేస్తాడు. పాటలో ఒక అమ్మాయి ‘నేను పోతున్నా’ అంటుంటే అచ్చులో నాన్న పోతున్నాడు. ‘నిమ్మ’ను ఎవరూ దిద్దరు, దాన్ని చూసి తెలుగు అనువాదకుడే పాటలోకి నిమ్మచెట్టు తెస్తాడు. ‘ఏరు’ ఇంకా మోసకారి. మనకది చిన్న నది, కోయలో నీళ్ళు (కొన్నిచోట్ల ‘ఏర్’ అని వినపడుతుంది). ‘కుండలో ఏరు’ అని ఉంటే అది కవిసమయం కాదు, కుండలో నీళ్ళే. తెలుగు మాటలా కనిపించే ప్రతి కోయ మాట పక్కనా పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, దాని అర్థం విడిగా అడగండి. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం, తెలిసినట్టున్న మాట దగ్గరే జారిపోతాం.

రెండోది లింగం. మనం ‘వాళ్ళు వచ్చారు’ అని ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ ఒకే గాటన కడతాం. కోయలో మగవాళ్ళ బహువచనం ఒక తీరు. ఆడవాళ్ళకూ పశువులకూ వస్తువులకూ కలిపి ఇంకో తీరు. తెలుగు చదువరికి ఇది అమర్యాదగా తోచి, క్రియను ‘సరిచేస్తాడు’. అది దిద్దుబాటు కాదు, వ్యాకరణం విరగ్గొట్టడం. మర్యాద కావాలంటే తెలుగు పేజీలో చూపించుకోండి.

మూడోది, గొంతులో గాలి ఒక్క క్షణం ఆగి తెగే ధ్వని. కోయలో ఉంది, మన అక్షరమాలలో లేదు. చాలామంది దాన్ని వదిలేస్తారు, లేదా పక్క అక్షరాన్ని ఒత్తి రాస్తారు. ఒక గుర్తు ఎంచుకుని చివరిదాకా అదే వాడండి, ముందుమాటలో అదేమిటో చెప్పండి. అపాస్ట్రఫీ పెడితే మాత్రం కంప్యూటరు దాన్ని వంపు కొటేషనుగా మార్చేస్తుంది. ఆ సెట్టింగు ముందే తీసేయించండి. ఖ, ఘ, ఛ లాంటి ఒత్తులు కోయ మాటల్లో రావు. మీ రాతప్రతిలో అవి ఎక్కువగా కనపడితే తెలుగు చెయ్యి పడిందని గుర్తు.

రాసింది కంటితో కాకుండా చెవితో సరిచూడాలి. రికార్డింగు వినని మరో కోయ మనిషికి కాగితం ఇచ్చి గట్టిగా చదివించండి, పాడినవాళ్ళు వింటూ కూర్చోవాలి. వాళ్ళు నవ్విన చోట, మొహం చిట్లించిన చోట తప్పుంది.

అనువాదం, అచ్చు

తెలుగు పేజీ వచనంలోనే ఉంటే నయం. ‘రేల రేలా’ పల్లవిని ముత్యాలసరంలోకి తిప్పాలన్న ఉబలాటం మనవాళ్ళకు సహజం, దాన్ని వేరే పుస్తకానికి దాచుకోండి. ఎడమ పేజీ కోయ, కుడి పేజీ తెలుగు. పంక్తి ఎదురుగా పంక్తి రావాలి, ప్రతి అయిదో పంక్తికీ అంకె.

ఒక్కో పాటకు నాలుగు పేజీలనుకుంటే ఇరవై పాటలకు 80. ముందుమాట, స్పెల్లింగు వివరం, పాడినవాళ్ళ పరిచయం, పదకోశం కలిపి 16. మొత్తం 96, డెమ్మీ 1/8లో ఫారానికి 16 పేజీలు, అంటే సరిగ్గా ఆరు ఫారాలు. పేజీలు 98 అయ్యాయంటే మిగిలిన రెండింటి కోసం ఇంకో ఫారం కదలాలి, ఖర్చు అక్కడ పెరుగుతుంది. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్. అయిదొందల కాపీలైతే ఆఫ్‌సెట్, వందా రెండొందలైతే డిజిటల్.

మన ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లదే రాజ్యం. పేజ్‌మేకర్‌లో అనులో చేసిన ఫైలు రేపు ఫోనులో తెరుచుకోదు, వెతికితే మాట దొరకదు. యూనికోడ్‌లోనే టైపు చేయించి, ఇన్‌డిజైన్‌లో పేజీలు పెట్టించండి. మండలి ఫాంటు పాఠానికి బాగుంటుంది. శీర్షికలకు గిడుగు పేరుతోనే ఒక ఫాంటు ఉంది, ఉచితం. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే యూనికోడ్ రెంటినీ కలిపి వత్తు చేసేస్తుంది. ‘ఏర్‌’ తర్వాత ప్రత్యయం వచ్చినప్పుడు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనపడని గుర్తు) కొట్టాలి. ప్రూఫు మూడుసార్లు: డీటీపీలో ఒకటి, కోయ జట్టు చేతిలో ఒకటి, ప్లేట్లకు పోయే ముందు ఒకటి. రెండోది ఎగ్గొట్టి పుస్తకావిష్కరణ తేదీ వేసుకోవడం మన జబ్బు.

అట్ట మీద పాడినవాళ్ళ పేర్లు, వాటి కింద ‘సేకరణ, అనువాదం’ అని మీ పేరు. లోపలి పేజీలో ‘భాష: కోయ, లిపి: తెలుగు’ అని స్పష్టంగా వేయండి. వేయకపోతే లైబ్రరీలో లిపి చూసి తెలుగు పుస్తకాల్లో కలిపేస్తారు. పుస్తకానికి గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాకూ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి.

సభలో

అమలాపురంలోనో భీమవరంలోనో సభ పెడితే ముందు కోయ వినిపించండి. తెలుగు అనువాదం కాగితం మీద అందరి చేతుల్లో ఉంటే చాలు, పంక్తికో విరామం ఇచ్చి వివరించొద్దు. పాడేవాళ్ళను కొమ్ముల తలపాగాతో రమ్మని అడగొద్దు. చెయ్యి చూసి జోస్యం చెప్పే ‘కోయదొర’ వేషం, సినిమాల్లోని దొంగ కోయ మాట మన జనం బుర్రలో గట్టిగా ఉన్నాయి. వేషం కనపడగానే పాట వినడం మానేసి అదే చూస్తారు. రానూపోనూ చార్జీలు, రాత్రి బస, భోజనం సభకు ముందే అందాలి.

అవార్డుల మాటకొస్తే, సాహిత్య అకాడెమీ గుర్తించిన భాషలు 24, కోయ వాటిలో లేదు. మిగతా భాషల కోసం 1996 నుంచి భాషా సమ్మాన్ ఇస్తున్నారు. నియమాల ప్రకారం అది అనువాదకుడికీ రావచ్చు గానీ, ముందు తలుచుకోవాల్సింది పాడినవాళ్ళనూ కోయ రచయితలనూ.

అయిదొందల్లో నూటయాభై కాపీలు పాడిన ఊళ్ళకూ, అక్కడి బడులకూ, ఆశ్రమ పాఠశాలలకూ వెళ్ళాలి, ఊరికే. డెల్టాలోని శాఖా గ్రంథాలయాలకు వంద, మిగతావి అమ్మకానికి. ఊరికి పంపే కట్టలో ఒక కాపీకి ఖాళీ కాగితాలు కుట్టి, ఒక ఎర్ర పెన్ను పెట్టండి. ఏడాది తర్వాత వెళ్ళి ఆ కాపీ తెచ్చుకోండి, రెండో ముద్రణకు ప్రూఫు అదే.