జపాన్ కత్తి మీద పేరు అసలుదా, దొంగదా?

పాత జపాన్ కత్తి చేతికి రాగానే అందరం చేసే తప్పు ఒకటే, పిడి ఊడదీసి ముందు పేరు చదివేస్తాం. దయచేసి పేరు ఆఖర్న చదవండి. ముందు కత్తి వంపు, అంచున కనిపించే తెల్లటి గీత, ఉక్కులో కనిపించే పోగుల తీరు చూసి ఏ కాలానిదో ఒక అంచనాకు రండి. గొప్ప పేరు ఒకసారి కంటపడిందంటే ఇక మనసు దాన్ని నిజం చేసుకోవడానికే సాకులు వెతుకుతుంది.

పిడిలో దాగే ఇనుప భాగం నకాగో, దాని మీది సంతకం మెయి, దొంగ సంతకమైతే గిమెయి. అసలు గుట్టు తుప్పులో ఉంటుంది. నకాగోను రుద్ది శుభ్రం చేయరు కాబట్టి వందల ఏళ్లకు అది నల్లబడిపోతుంది. టార్చ్‌ని పక్కనుంచి వేసి, భూతద్దంతో ఒక్క అక్షరాన్నే నిదానంగా చూడండి. చుట్టూ నల్లగా ఉండి ఉలి గీత అడుగున మాత్రం ఎర్రగానో మెరుస్తూనో ఉందంటే, ఆ పేరు ఈమధ్య చెక్కిందే. ఉలి దిగినప్పుడు గీత పక్కన ఇనుము సన్నటి గట్టులా లేస్తుంది, పాత సంతకంలో ఆ గట్టు కూడా అరిగిపోయి ఉండాలి. పేరున్న చోట గుంటపడినట్టు ఉంటే అక్కడ ఇంకెవరి పేరో అరగదీశారేమో చూడండి.

పేరు ఏ వైపు ఉందో కూడా గమనించండి. తాచి, కటానా రెండూ పొడవాటి జపాన్ కత్తులే. తాచిని అంచు కిందికి వచ్చేలా వేలాడదీసేవారు, కటానాను అంచు పైకి ఉండేలా నడుముకు దోపుకునేవారు, మామూలుగా సంతకం బయటి వైపుకి వచ్చేలా చెక్కేవారు. అయితే హిజెన్ తదయోషి లాంటి కత్తుల కమ్మరులు కటానా మీద కూడా తాచి వైపే చెక్కారు, కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పేయకండి.

దొంగ సంతకాల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సిన పేరు కొతెత్సు. 17వ శతాబ్దంలో కవచాలు చేయడం మాని కత్తుల పనికొచ్చిన నాగసోనె ఒకిసతో ఈయనే. తన పేరులోని 'తోరా' (పులి) అక్షరాన్ని మొదట్లో తోక ఎగిరినట్టు, తర్వాత పెట్టెలా చెక్కాడు, కాబట్టి ఆ అక్షరం తీరుకీ కత్తి మీది తేదీకీ పొంతన కుదరాలి. ఆయన అసలు సంతకాల కాగితపు అచ్చులు, ఒషిగాత అంటారు, పక్కన పెట్టుకుని ఒక్కో గీతా పోల్చండి.

ఎంత అనుమానం వచ్చినా తుప్పును మాత్రం గీకకండి, సాక్ష్యమంతా అదే. 1948లో మొదలైన జపాన్ కత్తుల పరిరక్షణ సంఘం అసలుదని ఇచ్చే పత్రం లేని పెద్ద పేరుకి, పేరు లేని కత్తికిచ్చే ధరే ఇవ్వండి.