మ్యూజియంలో క్లాసు తీసుకోవడం ఎలా? ఏ సబ్జెక్టు చెప్పేవాళ్లయినా సరే

మొదటిసారి మా డిగ్రీ పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు మొత్తం 60 మందిమి. బస్సు, పులిహోర పొట్లాలు, గ్రూప్ ఫొటో అన్నీ సక్రమంగానే జరిగాయి. మూడు గంటల్లో గదులన్నీ చుట్టేశాం. మర్నాడు క్లాసులో ‘ఏం చూశారు?’ అని అడిగితే అందరూ చెప్పింది ఒకటే: చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం. నేను చెప్పేది కెమిస్ట్రీ. నా సబ్జెక్టుకి పనికొచ్చే ముక్క ఒక్కటి కూడా వాళ్ల బుర్రకెక్కలేదు. తప్పు వాళ్లది కాదు, నాదే. పిక్నిక్‌కి తీసుకెళ్లి పాఠం అప్పజెప్పమంటే ఎలా?

ఆ తర్వాత కొన్నేళ్లు తంటాలు పడితే ఒక పద్ధతి కుదిరింది. దాని సారం ఇంతే: మ్యూజియం మొత్తం చూపించొద్దు, ఒక్క వస్తువు చూపించండి. అదీ తీరిగ్గా.

ముందు సిలబస్, తర్వాత వస్తువు

చాలామంది ముందు మ్యూజియానికి వెళ్లి, అక్కడ బాగున్నదేదో చూసి, దానికి పాఠాన్ని అతికిస్తారు. అలా అతకదు. ముందు ఈ సెమిస్టర్‌లో పిల్లలు ఎక్కడ తడబడతారో ఆ పాఠం పట్టుకోండి. మా దగ్గర అది ఎలక్ట్రోకెమిస్ట్రీ. ఏ లోహం ఎంత తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుందో చెప్పే పట్టిక ఒకటుంది (ప్రమాణ క్షయకరణ పొటెన్షియళ్లు). జింకు విలువ మైనస్ 0.76 వోల్టులు, రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80 అని దాన్ని మొత్తం బట్టీ పడతారు. ‘అయితే ఏంటి?’ అని అడగండి, నోరు మెదపరు. ఆ ‘అయితే ఏంటి’కి జవాబు ఏ వస్తువులో దొరుకుతుందా అని వెతికితే నాకు బిద్రీ సామాను, అంటే నల్లటి లోహం మీద వెండి పొదిగి చేసే బీదర్ సామాను, కనపడింది.

ఒకసారి ఒంటరిగా వెళ్లి రండి

ఈ మెట్టు ఎగ్గొట్టకండి. మీరు అనుకున్న వస్తువు ఆ రోజు గదిలో ఉందా, అద్దం మీద లైటు పడి మెరుస్తోందా, దాని చుట్టూ ఎంతమంది నిలబడగలరు? ఇవి వెబ్‌సైట్ చూస్తే తెలిసేవి కావు. నా లెక్కలో ఒక అద్దాల పెట్టె చుట్టూ పది, పన్నెండు మందికి మించి పట్టరు. క్లాసు పెద్దదైతే బ్యాచ్‌లు చేయండి. ఒక బ్యాచ్ మీతో ఉంటే, ఇంకో బ్యాచ్ పక్క గదిలో బొమ్మ గీసుకుంటుంది. మ్యూజియం వాళ్లకి ముందుగా ఉత్తరం రాసి, ఎంతమంది వస్తారో, ఏ గదిలో ఎంతసేపు ఉంటారో చెప్పండి. చెప్పి వెళితే కుర్చీలు వేసిన సందర్భాలూ ఉన్నాయి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు, ఆ సంగతి మర్చిపోయి బస్సు మాట్లాడేసినవాళ్లు నాకు తెలుసు. పెన్నులు బ్యాగులోనే ఉంచి పెన్సిళ్లు తెచ్చుకోమనండి. వస్తువుల దగ్గర సిరా అంటే చాలా మ్యూజియాలు ఒప్పుకోవు.

మీరు చెప్పకండి, వాళ్లని చెప్పనివ్వండి

వస్తువు ముందు నిలబడగానే మన మాస్టారి బుద్ధి బయటికొస్తుంది. ‘ఇది ఫలానా శతాబ్దానిది, ఫలానా చోటి నుంచి వచ్చింది’ అని మొదలుపెడతాం. అంతే, పిల్లలు వస్తువుని వదిలేసి మన మొహం చూస్తారు. లేబుల్‌ని కూడా మొదట చదవనివ్వకండి. పది నిమిషాలు మాట్లాడకుండా చూడాలి, అంతే. మొదటి మూడు నిమిషాలు నవ్వులు, గుసగుసలు ఉంటాయి. ఐదో నిమిషం నుంచి నిజంగా చూడటం మొదలవుతుంది. హార్వర్డ్‌లో జెన్నిఫర్ రాబర్ట్స్ అనే కళాచరిత్ర ప్రొఫెసర్ ఒకే పెయింటింగ్ ముందు ఏకంగా మూడు గంటలు కూర్చోమంటారు. మన టైమ్‌టేబుల్‌లో అది కుదిరే పని కాదు, పది నిమిషాలైనా గట్టిగా పట్టుబట్టండి.

తర్వాత మూడే మూడు ప్రశ్నలు. ఇక్కడ ఏం కనిపిస్తోంది? ఏం చూసి అలా అన్నావు? ఇంకేమైనా ఉందా? ఇవి నేను కనిపెట్టినవి కావు. ఫిలిప్ యెనావిన్, అబిగైల్ హౌసెన్ మ్యూజియాల కోసం తయారు చేసిన పద్ధతి ఇది. కీలకం రెండో ప్రశ్నలో ఉంది.

సాలార్‌జంగ్‌లోనే ఉన్న ‘ముసుగు రెబెక్కా’ దగ్గర ఆ ప్రశ్న బలం చూడొచ్చు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ‘ఆమె సిగ్గుపడుతోంది’ అంటుంది ఒకమ్మాయి. ఏం చూసి? ‘తల వంచింది.’ తల వంచితే సిగ్గేనా, దిగులు కాకూడదా? ‘పలచటి మేలిముసుగు వేసుకుంది’ అంటాడు ఇంకొకడు. అక్కడ గుడ్డ ఎక్కడుంది నాయనా, ఉన్నదంతా రాయే కదా! అప్పుడు అందరూ ముందుకి వంగి మళ్లీ చూస్తారు. ముక్కు మీద మడత ఎక్కడ లోతు తగ్గింది, గడ్డం దగ్గర నీడ ఎక్కడ పడింది అని. కనిపించినదానికీ ఊహించుకున్నదానికీ మధ్య గీత గీయడం ఇలా అలవాటవుతుంది.

డాక్టరుకి కావాల్సింది కూడా సరిగ్గా ఈ గీతే. యేల్ యూనివర్సిటీ చర్మవ్యాధుల ప్రొఫెసర్ ఇర్విన్ బ్రేవర్‌మన్, అక్కడి బ్రిటిష్ ఆర్ట్ మ్యూజియంలో పనిచేసే లిండా ఫ్రీడ్‌లాండర్‌తో కలిసి మెడికల్ విద్యార్థుల్ని పెయింటింగుల ముందు నిలబెట్టి, చూసింది చూసినట్టు చెప్పించాడు. ఆ తర్వాత రోగుల ఫొటోలు ఇస్తే, ఈ శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ వివరాలు పట్టుకున్నారని 2001లో జామా అనే వైద్య పత్రికలో రాశారు. మన నర్సింగ్, ఫిజియోథెరపీ కాలేజీల వాళ్లు రెబెక్కా ముందు ఒక గంట గడపడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక హుక్కా బుడ్డి, ఒక గంట

ఇక నా క్లాసు. హుక్కా కింద నీళ్లు పోసుకునే బిద్రీ బుడ్డి. నల్లటి ఒళ్లు, దాని మీద వెండి తీగలు. పది నిమిషాల తర్వాత ఎవరో ఒకరు అడిగి తీరతారు: ‘సార్, మొత్తం లోహమే కదా, అది మాత్రమే నల్లగా ఎందుకు, వెండి ఎందుకు నల్లబడలేదు?’ ఈ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. మీరు అడిగితే అది పరీక్ష ప్రశ్న అయిపోతుంది.

అప్పుడు తయారీ చెబుతాను. పోత పోసేది ఎక్కువగా జింకు, కొంచెం రాగి కలిసిన మిశ్రమ లోహం. నున్నగా రుద్దాక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు పూస్తారు, పైన నల్లటి పొర వస్తుంది. జింకు కరుగుతుంటే రాగి సన్నటి పొడిలా పైన పేరుకుంటుంది. ఇంటర్‌లో చదివిన స్థానభ్రంశ చర్యే! ఆ నలుపు మీద ఉలితో గీస్తే గీత తెల్లగా కనబడుతుంది, ఆ గాడిలో వెండి కొట్టి దిగ్గొడతారు. చివరికి బీదర్ కోట మట్టిని నవాసాగరంతో, అంటే అమ్మోనియం క్లోరైడ్‌తో, నీళ్లలో కలిపి కాచి వస్తువుకి పట్టిస్తే జింకు మిశ్రమం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండి తళతళలాడుతూనే ఉంటుంది. ఎందుకో చెప్పడానికి ఆ పట్టిక కావాలి. అప్పుడు పుస్తకం తెరవమంటాను. జింకు తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదిలి చర్యలో పడుతుంది, వెండి అంత తేలిగ్గా పడదు. మైనస్ 0.76కి అప్పుడొక అర్థం వస్తుంది.

మిగతా డిపార్ట్‌మెంట్ల వాళ్లకి

ఎకనామిక్స్ వాళ్లు మచిలీపట్నం కలంకారీ ముందు నిలబడండి. కరక్కాయ, పటిక, చిరివేరు అనే వేరు నుంచి తీసే ఎరుపు గురించి ఒక మాట చెప్పి అసలు కథలోకి వెళ్లొచ్చు. మన తీరం గుడ్డలకి పోటీ తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లోనే అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి ఆపింది, 1721లో ఏకంగా కట్టుకోవడమే నేరం చేసింది. ఇక పరాయి సరుకు నుంచి సొంత పరిశ్రమని కాపాడుకునే విధానాల గురించి పాఠ్యపుస్తకం ఉదాహరణ దేనికి?

లా, ఆర్కిటెక్చర్ విద్యార్థులకి అమరావతి శిల్పాలు ఇవ్వండి. అవి ఒకప్పటి బౌద్ధ స్తూపం రాళ్లు. ఆ స్తూపం ఇప్పుడు పూర్తి రూపంలో లేదు. కానీ స్తూపం ఎలా ఉండేదో ఆ రాళ్ల మీదే చెక్కి ఉంది, అర్ధగోళం, కంచె, నాలుగు దిక్కులా ముందు ఐదేసి ఆయక స్తంభాలు (వేదిక మీద వరసగా నిలబెట్టేవి). దాన్నిబట్టి ప్లాను గీయమంటే ఆర్కిటెక్చర్ పిల్లలకి రెండు వారాలు చేతినిండా పని. లా వాళ్లకి ప్రశ్న వేరు. అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతుండగా ఆ స్తూపం దిబ్బ రాళ్లు తవ్వారు, తర్వాత కంపెనీ సర్వేయర్ మెకెంజీ వచ్చాడు, 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, కొన్ని రాళ్లు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉండిపోయాయి, ఇంకొన్ని ఓడెక్కి చివరికి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మన పురావస్తువుల, కళాసంపద చట్టం 1972లో వచ్చింది, సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970ది, రెండూ ఆ తరలింపు తర్వాతవే. వెనక్కి ఇవ్వమని ఏ చట్టం కింద అడుగుతారు? క్లాసుని రెండు పక్షాలు చేసి వాదించమనండి.

వెళ్లడం కుదరకపోతే

‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లో సాలార్‌జంగ్ వస్తువుల ఫొటోలు ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి హక్కులు లేని తన వస్తువుల ఫొటోల్ని ఎవరైనా వాడుకునేలా వదిలేసింది, అందులో దక్కన్ వస్తువులు కూడా దొరుకుతాయి. ఒకటే ఇబ్బంది, తెర మీద అన్నీ ఒకే సైజు. ఉంగరమూ, తెరచీరా ఒకేలా కనిపిస్తాయి. అందుకని కొలతలు చదివి చాక్‌పీసుతో నేల మీద అంత గీయండి. పిల్లలు ఆ గీతలో నిలబడి చూసుకున్నప్పుడు వచ్చే ‘ఓ!’ వేరు.

మార్కులు

‘బిద్రీ కళ చరిత్ర రాయండి’ అని అసైన్‌మెంట్ ఇస్తే నెట్‌లోంచి దించేస్తారు. నేను అడిగేవి రెండు. ఆ వస్తువుని పెన్సిల్‌తో గీయాలి, బొమ్మ బాగుందా లేదా అన్నదానికి మార్కులు లేవు. ఫొటోలో కనపడనిది, అక్కడ నిలబడితేనే కనిపించేది ఒకటి రాసి, దాని వెనక కెమిస్ట్రీ చెప్పాలి. పదికి ఎనిమిది మార్కులు ఈ రెండోదానికే.

ఒకసారి వెనక బెంచీ అమ్మాయి రాసింది: బుడ్డి మెడ దగ్గర ఒక ఆకులో వెండి రాలిపోయింది, ఖాళీ గాడి అడుగు కూడా నల్లగానే ఉంది, అంటే నలుపు పట్టించకముందే అది ఊడిపోయిందా, లేక తర్వాత గాలికి నల్లబడిందా? నేను ఆ బుడ్డిని అప్పటికి ఆరుసార్లు చూశాను. ఆ గాడి నా కంటపడలేదు, దాని జవాబూ నాకు తెలియదు. పదికి పది వేసి, తర్వాతి బ్యాచ్‌ని తిన్నగా ఆ ఆకు దగ్గరే నిలబెట్టాను.