పసికందు నిద్ర, పాలు: లెక్క తప్పితే ఎక్కడ వెతకాలి

బిడ్డ పడుకోవడం లేదంటే ఇంట్లో అందరి దృష్టీ నిద్ర మీదకే పోతుంది. ఊపాలా, జోకొట్టాలా, లైటు ఆర్పాలా అని తర్జనభర్జన మొదలవుతుంది. కానీ మొదటి ఆరేడు వారాల్లో నిద్ర గొడవ మూలం చాలాసార్లు పాల దగ్గరే దొరుకుతుంది. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు పాలు కడుపులోకి వెళ్తున్నాయో లేదో తేల్చుకోండి. నిద్ర సంగతి ఆ తర్వాత.

పసికందుకు టైంటేబుల్ ఉండదు. అది తల్లి లోపమూ కాదు, బిడ్డ మొండితనమూ కాదు. రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది గానీ, అదంతా రెండు మూడు గంటల ముక్కలుగా, ఒక్కోసారి నలభై నిమిషాల ముక్కలుగా వస్తుంది. పగలేదో రాత్రేదో చెప్పే ఒంటి గడియారం రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు.

పాలు సరిపోతున్నాయా? డైపరు చెబుతుంది

రొమ్ములో ఎన్ని పాలున్నాయో పైకి తెలియదు. లోపలికి ఎన్ని వెళ్లాయో మాత్రం బయటికొచ్చేదాన్ని బట్టి తెలిసిపోతుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు మూత్రం పోస్తుంది. అలా పెరుగుతూ 5, 6 రోజులకల్లా 24 గంటల్లో కనీసం 6 సార్లు పోయాలి. తడిసిందో లేదో అనుమానమైతే ఒక పొడి డైపరులో 45 మి.లీ. నీళ్లు పోసి చేత్తో పట్టుకుని చూడండి. తడి డైపరు బరువు ఎలా ఉంటుందో చేతికి అలవాటవుతుంది.

మలం మొదట నల్లగా, జిగటగా ఉంటుంది. మూడు నాలుగు రోజులకు ఆకుపచ్చగా మారి, ఐదో రోజుకల్లా పలచటి పసుపులోకి రావాలి. ఐదో రోజున ఇంకా నల్లగానే ఉన్నా, డైపరులో ఇటుకపొడి లాంటి ఎర్రటి మరక పడుతున్నా పాలు చాలడం లేదనే అర్థం. ఆ మరక మొదటి రెండు మూడు రోజుల్లో కనిపిస్తే మాత్రం భయం లేదు.

ఇక తూకం. పుట్టాక బిడ్డ కొంత తగ్గడం మామూలే. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 2.8కి దిగితే కంగారు అక్కర్లేదు. 2.7కి, అంటే పదో వంతు తగ్గితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి, అక్కడి నుంచి రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఎప్పుడూ ఒకే తూకం మీద, బట్టలు తీసేసి తూచండి. రెండు వేర్వేరు తూకాల మధ్య తేడాను చూసి పాలు తగ్గాయని హడలిపోయేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇంటి చిట్కాలతో ఆగకూడని లక్షణాలు

మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) తాకినా, ఒళ్లు 36 డిగ్రీల కంటే చల్లబడి వెచ్చబెట్టినా పెరగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం పాటు లెక్కపెడితే శ్వాస 60 దాటడం, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, ఆకుపచ్చ రంగు వాంతి, మలంలో రక్తం, మాడు ఉబ్బడం లేదా గుంట పడటం కూడా అంతే అత్యవసరం. వరసగా రెండుసార్లు పాలు ముట్టకపోయినా, 8 గంటలు మూత్రం పోయకపోయినా, ఎంత కదిలించినా లేవకపోయినా ఆలస్యం చేయొద్దు. మొదటి 24 గంటల్లోనే కామెర్లు కనిపించినా, పసుపు అరచేతులకూ అరికాళ్లకూ దిగినా ఎండలో పెట్టి చూద్దామనుకోకండి. రక్తపరీక్ష కావాలి.

లక్షణం: గంటకోసారి పాలకు ఏడుస్తోంది

ముందు లెక్క సరిగ్గా వేయండి. ఒకసారి పాలు మొదలుపెట్టిన వేళ నుంచి మళ్లీ మొదలుపెట్టే వేళ దాకా లెక్క. అరగంట తాగే బిడ్డ రెండు గంటలకోసారి తాగుతుంటే మీకు మధ్యలో మిగిలేది గంటన్నరే. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. మొదటి రోజు ఒక్కో విడతకు ఒక చిన్న చెంచాడు పాలే సరిపోతాయి. నాలుగో రోజుకు ఒక్కో విడత 30 మి.లీ. దాటుతుంది. కడుపు చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి, అందుకే మళ్లీ ఆకలి.

సాయంత్రం పూట మాత్రమే ఇలా గంటల తరబడి రొమ్మును వదలకుండా ఉంటే అది వెంటవెంటనే పదేపదే తాగే వేళ. సుమారు 3 వారాలకు, 6 వారాలకు ఇది రెండు మూడు రోజులు మరీ ఎక్కువవుతుంది. ఆ వేళకు రొమ్ములు మెత్తగా అనిపిస్తాయి, పాలు లేవనుకుని సీసా అందిస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత త్వరగా మళ్లీ పాలు తయారవుతాయి. సీసా తాగిన బిడ్డ ఆ పూట రొమ్మును ఖాళీ చేయదు, మర్నాడు పాలు ఇంకాస్త తగ్గుతాయి, సీసా ఇంకాస్త పెరుగుతుంది. డైపర్లు, తూకం బాగుంటే ఆ సాయంత్రాలు బిడ్డ అడిగినన్ని సార్లు ఇవ్వడమే మందు. ఒక వైపు బాగా తాగి వదిలాక రెండో వైపు ఇవ్వండి.

రోజంతా ఇలాగే ఉండి, తూకం కూడా పెరగకపోతే బిడ్డ రొమ్మును నోట పట్టే తీరు, అంటే పట్టు, సరిగా లేదని అనుమానించాలి. బిడ్డ వదిలాక చనుమొనను చూడండి. గుండ్రంగా ఉంటే సరే. ఒకవైపు నొక్కుకుపోయి ఏటవాలుగా ఉన్నా, కొసన తెల్లటి గీత పడినా బిడ్డ మొనను మాత్రమే చప్పరిస్తోంది. తాగేటప్పుడు టక్కు టక్కుమని చప్పుడు, బుగ్గల్లో సొట్టలు, మొదటి కొన్ని క్షణాలు దాటినా తగ్గని నొప్పి కూడా అదే చెబుతాయి.

సరిచేసే పద్ధతి ఇదీ. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి, మెడ పక్కకు తిరగకూడదు. ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని, మొనతో పైపెదవిని మెల్లగా తాకించండి. ఆవులించినంతగా నోరు తెరిచేదాకా ఆగండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తెరవగానే బిడ్డనే రొమ్ము దగ్గరికి తీసుకురండి, రొమ్మును వంచి నోట్లో పెట్టకండి. చెయ్యి మెడ కింద, భుజాల వెనక ఉండాలి. తల వెనక నొక్కితే బిడ్డ ఎదురు తోస్తుంది. గడ్డం ముందు ఆనుతుంది, కింది పెదవి బయటికి మడత పడుతుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కిందివైపు కంటే పైవైపు ఎక్కువగా కనిపిస్తుంది. మొదట గబగబా చప్పరిస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో చేపు వచ్చాక, అంటే పాలు ధారగా దిగాక, లయ మారి, నెమ్మదిగా, లోతుగా లాగుతూ మధ్యలో చిన్న గుటక వినిపిస్తుంది. ఆ గుటక వినిపించకపోతే చిటికెన వేలు నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదటి నుంచి పట్టించండి. ఐదుసార్లు చేయాల్సి వచ్చినా చేయండి.

లక్షణం: రొమ్ము పట్టగానే నిద్రపోతోంది

చూడటానికి బంగారం లాంటి బిడ్డ, ఏడవదు, రాత్రి ఐదు గంటలు లేవదు. మొదటి రెండు వారాల్లో ఇలాంటి బిడ్డ గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. కామెర్లున్న బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మత్తుగా ఉంటుంది. తాగకపోవడం వల్ల మత్తు పెరుగుతుంది, మత్తు వల్ల ఇంకా తాగదు.

పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా పగలు మూడు గంటలకు, రాత్రి నాలుగు గంటలకు మించి పాలు లేకుండా ఉంచకండి, లేపి మరీ పట్టండి. బట్టలు తీసి డైపరుతోనే మీ ఛాతీకి ఆనించుకోండి, వీపు మీద పలచటి దుప్పటి చాలు. వెచ్చగా చుట్టి పట్టుకుంటే నిద్ర ఇంకా ముదురుతుంది. చప్పరించడం ఆగిపోగానే బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్లు ఇంకోవైపు పెట్టి రొమ్మును గట్టిగా, నొప్పి లేకుండా నొక్కి పట్టండి. పాల ధార నోట్లో పడి మళ్లీ మింగుతుంది. నొక్కినా మింగకపోతే డైపరు మార్చి రెండో వైపు పట్టండి. ఇంతా చేసినా తాగకపోతే పాలు పిండి చెంచాతో పట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆరు నెలల లోపు ఎట్టి పరిస్థితుల్లోనూ విడిగా నీళ్లు పట్టకండి. ఏడాది లోపు తేనె నాకించకండి, అందులోని క్రిములు పసిపేగుల్లో విషం తయారు చేయగలవు.

లక్షణం: పగలు నిద్ర, రాత్రి మేలుకువ

ఒంటి గడియారం ఇంకా తయారు కాలేదు కాబట్టి దీనికి ఒక్క రాత్రిలో విరుగుడు లేదు. దాన్ని తయారు చేసేది వెలుతురు. ఉదయం లేవగానే కిటికీ తెరలు తీయండి. పగటి నిద్ర కూడా వెలుతురున్న గదిలోనే, మామూలు ఇంటి చప్పుళ్ల మధ్యే సాగనివ్వండి. పగలు మూడు గంటలు దాటి పడుకుంటే లేపి పాలు పట్టండి. రాత్రి పెద్ద లైటు వేయకుండా, మాట్లాడకుండా, మలం ఉంటేనో బాగా తడిస్తేనో తప్ప డైపరు మార్చకుండా పాలు పట్టి పడుకోబెట్టండి. రెండు మూడు వారాల్లో పెద్ద నిద్ర మెల్లగా రాత్రి వైపు జరుగుతుంది.

ఎక్కువసేపు మేలుకుని ఉంచితే రాత్రి బాగా పడుకుంటుందన్న నమ్మకం పసికందు విషయంలో బెడిసికొడుతుంది. నెల లోపు బిడ్డ 45 నిమిషాల నుంచి గంట మించి మెలకువను తట్టుకోలేదు. చూపు పక్కకు తిప్పుకోవడం, ఆవులింత, కనుబొమలు ఎర్రబడటం చూసిన వెంటనే పడుకోబెట్టే పని మొదలుపెట్టాలి. ఏడుపు దాకా ఆగితే అలసట ముదిరి నిద్ర పట్టదు.

లక్షణం: చేతుల్లో నిద్ర, పక్క మీద వేయగానే ఏడుపు

పసికందు నిద్రలోకి వెళ్లేటప్పుడు ముందు తేలిక నిద్రలోకే వెళ్తుంది. రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, పెదవులు నవ్వుతున్నట్టు వణుకుతాయి, పిడికిళ్లు బిగిసి ఉంటాయి. అప్పుడు దించితే లేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి బిడ్డ చెయ్యి పైకెత్తి వదలండి. బట్టముక్కలా జారిపడితే నిద్ర లోతైనట్టు. దించేటప్పుడు ముందు పాదాలు, తర్వాత పిరుదులు, చివర తల ఆనించండి. తల ముందు వెనక్కి వాలితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి రెండు చేతులూ చాచేస్తుంది. దించాక ఒక నిమిషం చెయ్యి ఛాతీ మీదే ఉంచండి. పలచటి గుడ్డతో చేతులు చుట్టి ఉంచితే ఉలికిపాటు తగ్గుతుంది. తుంటి దగ్గర మాత్రం కాళ్లు కప్పలా మడిచి ఆడించేంత వదులు ఉండాలి. బిడ్డ బోర్లా తిరగబోతున్న సూచన కనిపించిన రోజే చుట్టడం మానేయాలి.

ఎంత విసిగినా వదలకూడనివి కొన్ని ఉన్నాయి. ప్రతిసారీ వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద, దిండు, మెత్తటి బొమ్మ, వదులు దుప్పటి లేకుండా, మీ గదిలోనే గానీ విడి పక్క మీద పడుకోబెట్టాలి. సోఫాలో బిడ్డను ఎత్తుకుని కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం. రాత్రి పాలు పడుతూ నిద్ర ముంచుకొస్తోందనిపిస్తే ఇంకొకరిని లేపి బిడ్డను అందించండి. చల్లగా ఉందో వేడిగా ఉందో చేతులు పట్టుకుని తేల్చకండి, మెడ వెనక తాకి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి.

లక్షణం: నిద్రలోనే మూలుగుతోంది, మెలికలు తిరుగుతోంది

పసికందు నిద్రలో సగం ఇందాక చెప్పిన తేలిక నిద్రే. మూలుగు, కేక, ముక్కడం అన్నీ కళ్లు మూసుకునే చేస్తుంది. ఏడుస్తోందనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేపినట్టవుతుంది. ఒకటి రెండు నిమిషాలు పక్కనే ఉండి చూడండి. కళ్లు తెరిచి, తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో వెతుకుతుంటే అప్పుడు పాలకు లేచినట్టు. ఊపిరి 5 నుంచి 10 సెకన్లు ఆగి మళ్లీ గబగబా అందుకోవడం కూడా ఈ వయసులో మామూలే. 20 సెకన్లు ఆగినా, రంగు మారినా అది అత్యవసరం.

లక్షణం: సాయంత్రమైతే గుక్కపట్టి ఏడుపు

రెండో వారంలో మొదలై, ఆరో వారానికి తారస్థాయికి వెళ్లి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గే ఏడుపు ఇది. పాలు, డైపరు, వేడి, వేలికో కాలికో చుట్టుకున్న వెంట్రుక, ఈ వరసలో చూసేయండి. అన్నీ సరిగ్గా ఉంటే ఛాతీకి నిలువుగా ఆనించుకుని మసక వెలుతురులో నడవడం, ఒకే స్థాయి చప్పుడు వినిపించడం పనిచేస్తాయి. ఒకటి పట్టుకుంటే కనీసం ఐదు నిమిషాలు అదే చేయండి, నిమిషానికొకటి మారిస్తే బిడ్డ ఇంకా బెదురుతుంది. మీ చేతులు వణుకుతున్నంత కోపం వస్తే బిడ్డను పక్క మీద వెల్లకిలా ఉంచి, తలుపు వేసి పది నిమిషాలు బయట కూర్చోండి. ఏడుపు వల్ల బిడ్డకు ఏమీ కాదు. పట్టుకుని కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణమే పోవచ్చు.

లక్షణం: తాగినవి కక్కేస్తోంది

బరువు పెరుగుతూ, హాయిగా ఉంటే ఒకటి రెండు గుటకలు కక్కడం జబ్బు కాదు. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి త్రేన్పు తెప్పించి 20 నిమిషాలు నిలువుగా ఎత్తుకోండి. మూడు నుంచి ఆరు వారాల మధ్య ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మినట్టు వాంతి అయి, వెంటనే మళ్లీ ఆకలికి ఏడుస్తుంటే జీర్ణాశయపు దారి మూసుకుపోయి ఉండొచ్చు. స్కానింగ్ అవసరం.

సీసా పాలైతే తప్పు జరిగే చోట్లు

కొలత దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు నీళ్లు కొలిచి, తర్వాత డబ్బాలో ఇచ్చిన కొలచెంచాతోనే, చదును చేసి, డబ్బా మీద రాసినన్నే వేయాలి. చిక్కగా కలిపితే ఎక్కువసేపు పడుకుంటుందని ఒక చెంచా అదనంగా వేస్తే మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. పలచన చేస్తే బరువు పెరగదు. పొడిలో క్రిములు ఉండే అవకాశముంది కాబట్టి మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కంటే చల్లారకముందే కలిపి, తర్వాత సీసాను చల్లటి నీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి పట్టండి. కలిపిన పాలు రెండు గంటల్లో వాడేయాలి, బిడ్డ ఎంగిలి చేసిన సీసాను గంట దాటాక పారబోయాలి. మొదటి వారం దాటాక రోజుకు కిలో బరువుకు సుమారు 150 మి.లీ. లెక్క. 4 కిలోల బిడ్డకు 600 మి.లీ., ఎనిమిది విడతలైతే ఒక్కోసారి 75 మి.లీ. బిడ్డ తల తిప్పేస్తే మిగిలింది తాగించాలని చూడకండి.

తల్లి నిద్ర

బిడ్డ పడుకున్నప్పుడు పడుకోమని అందరూ చెబుతారు, ఆ వేళ ఇంటి పని మాత్రం ఎవరూ అందుకోరు. తల్లికి కావలసింది ఒక్క ముక్కగా నాలుగు గంటల నిద్ర. రాత్రి 9 గంటలకు పాలు పట్టి తల్లి వేరే గదిలో పడుకోవాలి. మధ్యలో బిడ్డ లేస్తే తండ్రో ఇంకెవరో పిండి ఉంచిన పాలు పట్టాలి. ఆ పాలు మామూలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఆగుతాయి. రాత్రి విడతలన్నీ ఇలా వదిలేస్తే మాత్రం పాలు తగ్గుతాయి, ఎందుకంటే పాలు తయారు చేయించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. కాబట్టి ఒక్క విడతే వదలండి.

ప్రసవమైన మొదటి రెండు వారాలు కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే డాక్టరుకు చెప్పాలి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందని ఆమె నోటివెంట ఒక్కసారి విన్నా ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.